ఆపి చూడని ఫ్యాను

ఆ మధ్యాహ్నం నా గదిలో కరెంటు పొయ్యి మీద అన్నం ఉడుకుతోందన్న మాట నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. ఆ నిమిషం నోరు మూసుకున్నందువల్ల ఒక మంచి ఫ్యానుకు దొంగ పేరు వచ్చింది, కాలు విరిగి చాప మీద పడి ఉన్న ఒక మనిషికి నడివేసవిలో గాలి లేకుండా పోయింది, నాకేమో లెక్క తెలిసిన మనిషినని ఆ ఇంట్లో గౌరవం పెరిగింది. తరువాత ఎవరైనా ఆ సంగతి ఎత్తితే అందరికీ తెలిసిన కథనే నేనూ చెబుతూ వచ్చాను. అది నిజం కాదు. నిజం ఇప్పుడు రాస్తున్నాను.

పోయిన నెల పడకగదిలోకి ఫ్యాను కొందామని నారాయణగూడ వెళ్ళాను. షాపాయన కొత్త రకం ఫ్యాను గొప్పతనం చూపించాలని ప్లగ్గుకు ఒక చిన్న డబ్బీ తగిలించాడు. ఎన్ని వాట్ల కరెంటు లాగుతోందో అందులో అంకె కనబడుతుంది. ముందు పాత రకం ఫ్యాను వేస్తే డెబ్బై నాలుగని చూపించింది. కొత్తది వేస్తే ఇరవై ఎనిమిది. నేను ఆ అంకె వంకే చూస్తూ ఉండిపోయేసరికి నాకు అనుమానం వచ్చిందనుకున్నాడు కాబోలు, "నమ్ముతలేరా సార్? బందు చేసి చూడుండ్రి, సున్నా వస్తది" అని స్విచ్చిబోర్డు నా ముందుకు జరిపాడు. వేలు స్విచ్చి దాకా వెళ్ళింది గాని నొక్కలేకపోయాను. మళ్ళీ వస్తానని చెప్పి బయటికి వచ్చి, ఫ్లైఓవరు నీడలో చాలాసేపు నిలబడ్డాను. అచ్చం అదే మాట ఒకప్పుడు మరొక మనిషి నన్ను బతిమాలుతూ అన్నాడు, అప్పుడూ నేను స్విచ్చి ఆపించలేదు.

రెండు వేల తొమ్మిది నుంచి పద్నాలుగు దాకా నేను అశోక్‌నగర్‌లో ఒక ఇంటి మేడ మీది గదిలో ఉన్నాను. కింద ఇంటి ఓనరమ్మ, మొదటి అంతస్తులో గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ రిటైర్డు గుమాస్తా ఒకాయన, ఆయన్ని అందరం బాబాయిగారు అనేవాళ్ళం. డాబా మీద నా గది, దానికి ఆనుకుని రేకుల కప్పుతో ఇంకొక చిన్న గది. ఇల్లంతటికీ మీటరు ఒక్కటే, బయటి మెట్ల కింద గోడకు ఉండేది. మా ఈడు వాళ్ళకు ఆ మీటర్లు గుర్తుండే ఉంటాయి: నల్లటి పెట్టె, ముందు అద్దం, అద్దం వెనక అడ్డంగా తిరిగే వెండిరంగు బిళ్ళ, దాని అంచున ఒకచోట ఎర్ర గీత. ఎర్ర గీత ఒకసారి కనబడి మళ్ళీ కనబడితే ఒక చుట్టు. ఆ చుట్టు ఎంత తొందరగా పూర్తయితే బిల్లు అంత పెద్దదన్నమాట. బిల్లును ఓనరమ్మ వాటాలు వేసేది, ఫ్యానుకు రెండు వాటాలు, బల్బుకు ఒకటి. యూనిట్లు ఒక హద్దు దాటితే మొత్తానికి రేటు మారిపోయేది గనక ఒకరు ఎక్కువ వాడితే దెబ్బ అందరికీ తగిలేది. అందుకే ఆ ఇంట్లో ఎవరి గదిలో ఫ్యాను శబ్దం ఎంతసేపు వినబడిందో మిగతావాళ్ళకు తెలిసేది.

నాకప్పుడు ముప్ఫై దాటాయి. చుట్టుపక్కల హాస్టళ్ళలో గ్రూప్స్‌కు చదివేవాళ్ళంతా నాకంటే చిన్నవాళ్ళు, నన్ను అన్నా అనేవాళ్ళు. ఆ పిలుపు వినీ వినీ ఒక దశలో నా వయసంటే నాకే భయం వేసేది. నోటిఫికేషన్ ఇవాళ, రేపు అంటూ ఏళ్ళు గడిచాయి. అవి ఉద్యమం రోజులు, బందు లేని వారం ఉండేది కాదు, పరీక్ష ఎప్పుడో తెలియదు, తెలియదని పుస్తకం మూసి నల్లగొండ వెళ్ళిపోదామంటే ఈసారే వస్తుందేమోనన్న ఆశ ఒకటి కాళ్ళకు అడ్డం పడేది. పొద్దున నారాయణగూడలో ఒక ట్యుటోరియల్‌లో ఇంటర్ పిల్లలకు ఫిజిక్సు చెప్పేవాణ్ణి, మధ్యాహ్నం నుంచి చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చునేవాణ్ణి. జీతం కిరాయికీ పుస్తకాలకూ సరిపోయేది, మెస్సు భోజనానికి చాలేది కాదు. అందుకని మంచం కింద ఒక హీటరు దాచుకున్నాను. హీటరంటే నీళ్ళు కాచేది కాదు, మట్టిపలక గాడిలో తీగ చుట్టలు ఎర్రగా కాలే పొయ్యి, బ్రహ్మచారి గదుల్లో అప్పుడు అదే గతి. ఓనరమ్మ గది ఇచ్చిన రోజే చెప్పింది, హీటరు కనబడితే ఆ పూటే సామాను బయట పెడతానని. ఆ ఏరియాలో ఒంటరి మగాడికి గది దొరకడం ఎంత కష్టమో తెలిసినవాళ్ళకు, ఆ మాట ఎంత బరువైనదో వేరే చెప్పక్కర్లేదు. ఒక గంట హీటరు వెలిగితే, ఒక ఫ్యాను పొద్దుటి నుంచి పొద్దుపోయేదాకా తిరిగినంత కరెంటు. ఈ లెక్క ఆ ఇంట్లో నాకు ఒక్కడికే తెలుసు.

పక్క రేకుల గదిలో పాలమూరు జిల్లా నుంచి వచ్చిన భార్యాభర్తలు ఉండేవారు. ఆమెను అక్కా అనేవాణ్ణి, ఆయనను అన్నా అనేవాణ్ణి. ఆయనది స్లాబులకు చెక్కలు కొట్టే సెంట్రింగు పని. ఆమె మేడ మెట్లు కడిగి, రెండు మూడు ఇళ్ళల్లో పని చేసేది. రెండు వేల పదకొండు వేసవికి ముందు ఆయన కట్టడం మీది నుంచి జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. తొడ దాకా సిమెంటు పట్టీ వేసి, మూడు నెలలు కదలొద్దని ఆసుపత్రిలో చెప్పి పంపారు. ఆ గది తలుపు తీస్తే ఆయన తల కనబడేది, తల పక్కన బోర్లించిన బకెట్టు మీద ఆయన టేబుల్ ఫ్యాను కనబడేది. పాత సామాన్ల అంగట్లో కాలిపోయిన ఫ్యాను కొని, రాంనగర్‌లో ఒక మిస్త్రీ దగ్గర మోటారుకు కొత్త రాగి తీగ చుట్టించి బాగుచేయించుకున్నాడు. దాని గురించి ఆయనకు ఎంత గర్వమంటే, నేను పలకరించడానికి వెళితే కాలు సంగతి తరువాత, ముందు ఫ్యాను సంగతే చెప్పేవాడు. చప్పుడు విన్నవా సారూ, తేనెటీగ లెక్క, అని మురిసిపోయేవాడు. నిజంగానే దాని చప్పుడు అలాగే ఉండేది.

ఎండలు ముదిరాయి, బిల్లు పెరిగింది, మరుసటి నెల ఇంకా పెరిగింది. మెట్ల దగ్గర రోజూ అదే పంచాయితీ. ఓనరమ్మ బిల్లు కాగితం విసనకర్రలా ఊపుతూ, "గింత బిల్లు నా జిందగీల సూడలే. ఎవల అర్రల ఫ్యాక్టరీ పెట్టిండ్రో చెప్పుండ్రి, నేను గూడ వచ్చి కూలి చేస్త" అనేది. బాబాయిగారు పైకి చూపించి, "ఫ్యాక్టరీ ఎందుకండీ, ఆ డాబా మీద ఫ్యాను చూడండి, రాత్రీ పగలూ ఆగదు. అది గాలి విసరట్లేదమ్మా, కరెంటు మేస్తోంది" అనేవారు. ఆయన మాటకు నేను అడ్డు చెప్పలేదు, నవ్వాను. అది మొదటి తప్పు.

ఫిజిక్సు సారు మన ఇంట్లోనే ఉండగా కొట్లాట ఎందుకు, ఆయన్నే తేల్చమందాం అన్న ఆలోచన ఓనరమ్మదే. నాకు భయమూ వేసింది, ఒప్పుకోకపోతే అనుమానం నా మీదికి వస్తుందనీ అనిపించింది. అన్నీ ఆపేసి ఆ ఒక్క ఫ్యాను నడిపిస్తే మీటరు బిళ్ళ నిమిషానికి ఒక చుట్టు కూడా పూర్తి చేయకూడదని, అంతకు మించి తిరిగితే ఫ్యానులో దోషమున్నట్టని, వాళ్ళకు అర్థమయ్యేట్టు చెప్పాను. నా లెక్క ప్రకారం ఫ్యాను నిర్దోషిగా తేలుతుంది, నా హీటరు మంచం కిందే చల్లగా ఉంటుంది, గొడవ సద్దుమణుగుతుంది, ఇదీ నా ఎత్తు. ఆదివారం చేద్దామనుకున్నాం.

శుక్రవారం మధ్యాహ్నం ట్యుటోరియల్ నుంచి ఆకలితో వచ్చి, తలుపు దగ్గరగా వేసి, హీటరు మీద బియ్యం పెట్టానో లేదో ఓనరమ్మ మెట్ల మీది నుంచి కేకేసింది. బాబాయిగారు ఆదివారం ఊళ్ళో ఉండరట, అందరూ ఉన్నారు గనక ఇప్పుడే చూసేద్దాం రమ్మంది. అడుగుల చప్పుడు పైకి వస్తోంది. పొయ్యి ఆపుదామని వంగేలోపు ఆమె డాబా మీదికి వచ్చేసింది. ఒక్క అంగలో బయటపడి తలుపు మూసి గొళ్ళెం పెట్టాను. కిందికి వెళుతూ, ఏదో మరిచిపోయానని తిరిగి రావచ్చులే అనుకున్నాను. రాలేదు. ఓనరమ్మ నా వెనకే దిగింది, బాబాయిగారు మీటరు ముందు కుర్చీ వేసుకుని గడియారం చేత్తో పట్టుకుని కూర్చున్నారు, అక్క పైన డాబా మీద ఫ్యాను స్విచ్చి దగ్గర నిలబడింది. అందరి ఇళ్ళల్లో స్విచ్చులు ఆపించారు. నా గది చూడాలని ఎవరికీ తోచలేదు. తీర్పు చెప్పేవాడి ఇల్లు ఎవరు సోదా చేస్తారు?

ఎర్ర గీత కదిలింది. ఓనరమ్మ, బాబాయిగారు గొంతు కలిపి లెక్కపెట్టడం మొదలుపెట్టారు, పిల్లల ఆటలా ఉంది ఇద్దరికీ. ఒకటి, రెండు, మూడు. నాలుగు దగ్గర బాబాయిగారు నా వంక చూశారు. ఒక్క చుట్టు కూడా కాకూడదని చెప్పినవాణ్ణి నేనే. లోకంలో ఏ టేబుల్ ఫ్యానూ ఆ వేగంతో బిళ్ళను తిప్పలేదు. ఆ అద్దం వెనక తిరుగుతున్నది ఫ్యాను కాదు, నా అన్నం. నిమిషం పూర్తయ్యేసరికి పదకొండో చుట్టు సగంలో ఉంది. ఓనరమ్మ బుగ్గన చెయ్యి వేసుకుంది.

అప్పుడు పైనుంచి ఆయన కేక వినబడింది. పడుకున్నచోటి నుంచే అరుస్తున్నాడు, మాట స్పష్టంగా అందలేదు. అక్క పిట్టగోడ మీదికి వంగి ఆ మాట మాకు అందించింది. "సారూ, ఒక్కపారి ఫ్యాను బందు చేసి చూడుండ్రి అంటుండు మా ఆయన. బందు చేస్తె చక్రం నిలవడుతదా లేదా చూడుండ్రి అంటుండు."

చదువుకోని మనిషి అడిగిన ఆ ఒక్క ప్రశ్న నేను రోజూ పొద్దున తరగతిలో పిల్లలకు నేర్పే పాఠం. ఒక వస్తువు ప్రభావం తెలియాలంటే అది ఉన్నప్పుడూ చూడాలి, లేనప్పుడూ చూడాలి. ఫ్యాను ఆపినా బిళ్ళ అలాగే తిరుగుతుంది. తిరిగితే గదులు వెతుకుతారు. వెతికితే నా సామాను సాయంత్రానికి గల్లీలో ఉంటుంది. ఇవన్నీ ఒక్కసారిగా తలలో తిరిగాయి, నా నోటి నుంచి మాత్రం చాలా నిదానంగా, పాఠం చెప్పే గొంతుతో, అక్కర్లేదమ్మా, లెక్క తేలిపోయింది అన్న మాట వచ్చింది. అక్క అలాగే వంగి ఉండి నా మొహం వంక చూసింది. నేను పైకి వెళ్ళి తలుపు తీసేసరికి గిన్నె అడుగు నల్లగా మాడిపోయి, గది నిండా వాసన కమ్ముకుని ఉంది. కిటికీ తెరవడానికి కూడా భయపడి, ఆ వాసనలోనే కూర్చుని, మాడనంత మేర ఆ అన్నం తిన్నాను.

ఫ్యాను వాడొద్దు, లేదంటే గది ఖాళీ చేయండి అని ఓనరమ్మ ఆ సాయంత్రమే చెప్పేసింది. ఆయన వాదించలేదు. సారు లెక్క చేసి చెప్పాక ఇంకేముంటుంది అన్నాడట. మిస్త్రీయే తనను మోసం చేశాడని, రాగికి బదులు ఏదో నాసి తీగ చుట్టాడని తిట్టుకుంటూ, ఆ ఫ్యానును పాతసామాన్ల బండికి వేయించాడు. తరువాత రోజుల్లో మధ్యాహ్నాలు నేను లైబ్రరీకి పోకుండా గదిలోనే ఉండిపోయేవాణ్ణి, ఎందుకో తెలియదు. గోడ అవతల తేనెటీగ చప్పుడు లేదు. దానికి బదులు అట్టముక్క విసిరే చప్పుడు, కాసేపు ఆగి మళ్ళీ విసిరే చప్పుడు, పట్టీ లోపల దురద పుట్టి ఆయన గోడను గుద్దే చప్పుడు. రేకుల కింద ఎండ ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. నా నెత్తిమీద ఫ్యాను తిరుగుతూనే ఉండేది, ఆపితే ఆ చప్పుళ్ళు ఇంకా బాగా వినబడతాయని నేను దాన్ని ఆపేవాణ్ణి కాదు. చెప్పేస్తే వాళ్ళు ఉంటారు, నేను పోతాను. చెప్పకపోతే నేను ఉంటాను. ఈ రెండింటి మధ్య పది రోజులు గడిపాను. పదకొండో రోజు పొద్దున ఆయనను తోటి పనివాళ్ళు ఇద్దరు చేతుల మీద మోసుకొచ్చి ఆటోలో పడుకోబెట్టారు. ఊళ్ళో వేపచెట్టు కిందైనా గాలి ఉంటుంది పోతున్నామని అక్క ఓనరమ్మకు చెప్పింది. నేను మెట్ల మీద నిలబడి, ఒక సంచి అందించాను.

వాళ్ళు పోయిన రోజే నేను హీటరును గోనెసంచిలో చుట్టి మూసీలో పడేశాను. ప్రాయశ్చిత్తం అనుకున్నాను. అది ఇంకొక మోసమైంది. హీటరు ఆగింది గనక మరుసటి నెల బిల్లు సగానికి పడిపోయింది. చూశారా, సారు లెక్కంటే లెక్కే అని ఓనరమ్మ గల్లీ అంతా చెప్పుకుని నాకు ఆవకాయ జాడీ ఇచ్చింది. బాబాయిగారు వచ్చినవాళ్ళకల్లా పదకొండు చుట్ల కథ చెప్పేవారు. అప్పటి నుంచి బిల్లు రావడమే ఆలస్యం, వాటాలు వేయడానికి నన్ను పిలిచేవారు. ఇంకా మూడేళ్ళు ఆ ఇంట్లోనే ఉన్నాను. వేరే గది చూసుకోవచ్చు, చూసుకోలేదు. మంచి పేరు కూడా మనిషిని కట్టేస్తుందని నాకు అక్కడే తెలిసింది.

పద్నాలుగులో చిన్న ఉద్యోగం వచ్చి గది ఖాళీ చేసే ముందు, రాంనగర్ మార్కెట్లో అక్క కనబడింది. గోనెపట్టా మీద ఆకుకూరలు పోసుకుని అమ్ముతోంది. వెనక గోడకు ఆనుకుని ఆయన, పక్కన చేతికర్ర. నేను గిర్రున వెనక్కి తిరిగాను. ఆ రోజు నుంచి ఈ మధ్య దాకా ఆ మార్కెట్టు గుండా వెళ్ళలేదు. ఆకుకూరలకు అంత దూరం తిరిగి వెళ్ళే మనిషిని మిమ్మల్నే చూశానని నా భార్య నవ్వేది.

ఇప్పుడు ఆ అశోక్‌నగర్ ఇంటి స్థానంలో అపార్టుమెంటు లేచింది. ఎవరి మీటరు వారికి, బిళ్ళ లేదు, ఎర్ర గీత లేదు, మెరిసే అంకెలే. పక్కింటి ఫ్యాను ఎంతసేపు తిరిగిందో ఎవరికీ అక్కర్లేదు, పక్కింట్లో ఎవరు ఉన్నారో కూడా అక్కర్లేదు. ఫ్యాను తినే కరెంటు మూడో వంతుకు తగ్గింది. ఒకప్పుడు ఒక ఫ్యాను కోసం మెట్ల కింద పంచాయితీ పెట్టుకున్నామంటే మా అమ్మాయి నమ్మదు. ఆ ఇరుకు పోయినందుకు సంతోషించాలో, ఆ ఇరుకులో ఒకరి చప్పుడు ఒకరికి వినబడేదని బెంగపడాలో నాకు తెలియదు. తేనెటీగ చప్పుడు మాత్రం నాకు ఇంకా వినబడుతుంది.

ఫ్లైఓవరు కింద నుంచి ఆ రోజు నేరుగా రాంనగర్ వెళ్ళాను. అక్క జుట్టు నెరిసింది, కళ్ళు అవే. గుర్తుపట్టి, ఫిజిక్సు సారు గదా అంది. నేను దారంతా కూర్చుకున్న మాటలు, వాట్లు, చుట్లు, అన్నీ చెప్పడం మొదలుపెట్టాను. ఆమె తోటకూర కట్టలకు నీళ్ళు చల్లుతూ విని, "నువ్వు ఇప్పుడు చెప్పుడేంది సారూ, నేను ఆ దినం నీ తలుపు కాడ్నే నిలవడ్డ. అన్నం మాడిన వాసన నాకు రాలేదా?" అంది. మరి చెప్పలేదేమక్కా అని అడగడానికి నాకు సిగ్గు వేసింది, అయినా అడిగాను.

"చెప్తె ఎవలు నమ్ముతరు? మీటరు ముంగట నువ్వుంటివి" అంది. గొంతు తగ్గించి, "ఊర్ల దురదకు తాళలేక పట్టీ కోసేసుకుండు, కాలు పొట్టిగైంది. అది పోనియ్యి. ఇన్నేండ్ల సంది ఆ మిస్త్రీనే తిడ్తుండు. కాదయ్యా అంటె, సారు ఎందుకు అబద్ధం చెప్తడే అని నా నోరు మూయిస్తడు. నాకేం చెప్తవ్ గని, పోయి ఆయనకు చెప్పు" అని వెనక గోడ వైపు చూపించింది.

ఆయన కాలు చాపుకుని మెంతికూర వేళ్ళు తుంచుతున్నాడు. కింద కూర్చున్నాను. నన్ను చూసి ఆదరంగా నవ్వి, సారూ మంచిగున్నవా అన్నాడు. నేను మెంతికూర కట్ట పక్కకు పెట్టించి, ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"అన్నా, ఆ దినం ఫ్యాను బందు చేసి చూడమంటివి, నేను చూడలే. చూస్తె నేనే దొరుకుతుంటి. నా అర్రల దొంగ హీటరు నడుస్తుండె, చక్రం తిప్పింది అదే. నీ ఫ్యాను మంచిదే అన్నా, మిస్త్రీ కూడ మంచిగనే చుట్టిండు. తప్పు నాది. నన్ను మాఫ్ చెయ్యి."